దొరసాని మింగని మందు

కొండ కింద దొడ్డి నుంచి,
చలి మొదలవ్వాల్సిన నెల

మరదలు పిల్లకి,

పెట్టె తెరవగానే ముందు ఉత్తరం చదువు, తర్వాత పెంటికలు చూసుకో. పోయినసారి పెంటికల మీద పడ్డావు, నా ఉత్తరమేమో రెండు రోజులు మీ పరీక్షాశాల ఫ్రిజ్జులో చలికి వణుకుతూ కూర్చుంది. పదేళ్ళప్పుడు నీకు రెండు జడలేసి బడికి పంపిన వదినకంటే గొర్రె పెంటికలే ముఖ్యమయ్యాయి. సరేలే, ఉద్యోగం అలాంటిది.

పది పొట్లాలు పెట్టాను. ఈ పొద్దున వేసినవే, నువ్వు చెప్పినట్టు గాలి లేకుండా ముడేశాను. ఫోనులో నాలుగు ముక్కలు మాట్లాడొచ్చు కదా అని అడిగావు. ఈ లోయలో ఫోను పలకాలంటే గుట్టెక్కాలి. నాకంత తీరిక లేదు. ఎలాగూ పెట్టె వస్తోంది కాబట్టి దాంతోపాటే ఉత్తరం.

మంద బాగానే ఉంది. మీ అన్నయ్య పోయినప్పుడు యాభై ఎనిమిది, ఇప్పుడు అరవై రెండు. మూడేళ్ళలో నాలుగు పెరిగాయి. ఇది గొప్పకే చెబుతున్నాను. మొన్న గొర్రెల వ్యాపారి వచ్చి, ఒక్కదానివి ఎందుకమ్మా ఈ తిప్పలు, వేసవి లోపు మందంతా ఇచ్చెయ్యి అన్నాడు. ఇచ్చేది లేదని చెప్పాను. వేసవికి మళ్ళీ వచ్చి చూస్తానన్నాడు, నేను ఓడిపోయి కూర్చుంటానని ఆయన నమ్మకం. ఈ మంద పోతే నేను పొద్దున్నే లేవడానికి నాకు వేరే కారణం లేదు. అది ఆయనకి చెప్పలేదు, నీకు చెబుతున్నాను.

తొట్టి ఇంకా గడ్డకట్టలేదు. మావయ్యగారు గోడ మీద బొగ్గుతో రాసింది అలాగే ఉంది: "తొట్టిలో నీళ్ళు గడ్డకట్టిన మర్నాడు నట్టల మందు." గొర్రెల కడుపులో పురుగులకి ఏటా మందు వేసే ఆ రోజు ఈపాటికి వచ్చేసి ఉండాలి. రోజూ పొద్దున్నే వెళ్ళి వేలు పెట్టి చూస్తున్నాను. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. గడ్డి కూడా ఇంకా పచ్చగా ఉంది, గొర్రెలకి పండగే. మందు వెయ్యనా, ఆగనా?

నీ వదిన

~

పశువుల పరీక్షాశాల, రెండో అంతస్తు, కిటికీ పక్క బల్ల

వదినా,

ఈసారి ఉత్తరమే ముందు చదివాను. మా పెద్ద మేడమ్ చూసి, ఆ పెట్టెలో ఏముందో నవ్వుతున్నావు అంది. మా వదిన తిట్లున్నాయి అన్నాను.

పొట్లాలన్నీ చూశాను. నట్టల గుడ్లు చాలా తక్కువ. గ్రాముకి వంద కూడా లేవు, రెండు పొట్లాల్లో అసలు కనపడలేదు. ఇంత శుభ్రమైన మంద ఈ ఏడాది మా బల్ల మీదికి రాలేదు. అన్ని ఊళ్ళ నుంచీ వేలల్లో వస్తున్నాయి, అదీ చలికాలంలో. అందుకని కంగారు లేదు. నాన్న మాటే పట్టుకుని తొట్టి గడ్డకట్టేదాకా ఆగు.

నేను గుడ్లు లెక్కపెట్టే పద్ధతి చూసి ఇక్కడ అందరూ నవ్వుతారు. గాజుపలక మీద గళ్ళుంటాయి, ఒక్కో గుడ్డూ లెక్కపెట్టాలి. నేను జతలుగా లెక్కపెడతాను, వెనక్కి చూడను. దొడ్డి సందులోంచి గొర్రెలు వచ్చేటప్పుడు నన్ను నీ పక్కన నిలబెట్టుకుని, జతలుగా పట్టు, వెళ్ళినదాన్ని మళ్ళీ చూశావా లెక్క పోయినట్టే అని నువ్వు నేర్పిందే. ఈ ఉద్యోగంలో నేను ఎప్పుడూ లెక్క తప్పలేదంటే అది నీ చలవే. ఎప్పుడూ చెప్పలేదు, అందుకని రాస్తున్నాను.

ఆ వ్యాపారి మాటలు పట్టించుకోకు.

నీ మరదలు

~

కొండ కింద దొడ్డి నుంచి

మరదలికి,

శుభ్రమైన మంద అన్నావు. ఈ పది రోజుల్లో ఐదు పిల్లలు, రెండు తల్లులు పోయాయి.

మొదటిది పోయినప్పుడు ఏ పామో అనుకున్నాను. రెండోదాని గొంతు కింద నీటిసంచిలా వాచింది. పట్టుకుని కనురెప్ప విప్పి చూస్తే లోపల రక్తం చుక్క లేదు, కాగితంలా తెల్లగా ఉంది. నడిచేవి నడుస్తూనే కూలబడిపోతున్నాయి. వాంతి లేదు, పారుడు లేదు, మేత మానలేదు. చూడడానికి లక్షణంగా ఉంటాయి, పొద్దునకి ఉండవు.

తొట్టి ఇవాళ్టికీ గడ్డకట్టలేదు. నువ్వు ఆగమన్నావని ఆగాను. నువ్వు చదువుకున్నదానివి, రోజంతా ఆ గాజుపలక మీదే కళ్ళు పెట్టుకుని ఉంటావు, నీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. తప్పు నీదని అనడం లేదు. కానీ ఇవాళ నాకు నీ మీద కోపంగా ఉంది, ఉన్నది దాచి రాయడం నాకు చేతకాదు.

వ్యాపారి నిన్న మళ్ళీ వచ్చాడు. చచ్చినదాన్ని చూశాడు, మిగిలినవాటిని లెక్కపెట్టుకుని వెళ్ళాడు. ఆ లెక్కే బాధేసింది.

వదిన

~

పరీక్షాశాల నుంచి, నీ ఉత్తరం అందిన రోజే

వదినా,

కోప్పడు. నువ్వు కోప్పడాల్సిందే.

అవి నట్టలే. కడుపులో రక్తం తాగే రకం. గొర్రె ఒంట్లో ఏడాది పొడుగునా ఒకటే వేడి, కాబట్టి లోపల ఉన్న పురుగుకి బయటి కాలంతో పనిలేదు. దాని గుడ్లు పెంటికల్లో బయటికొచ్చి, పిల్లలు గడ్డి మీదికి పాకినప్పుడే అది చలికి చిక్కుతుంది. నాన్న రోజుల్లో తొట్టి గడ్డకట్టిందంటే గడ్డి మీద ఉన్నవి చచ్చాయని లెక్క. కడుపులో ఉన్నవాటికి మందు వేస్తే సరిపోయేది, వసంతం దాకా కొత్తవి వచ్చేవి కావు. ఆయన ఈ సంగతి ఏ పుస్తకంలోనూ చదవలేదు, చూసి పట్టుకున్నాడు. ఇప్పుడు ఆ చలే రావడం లేదు. గడ్డి పచ్చగా ఉందని రాశావు చూడు, గొర్రెలకి పండగ అని, ఆ పండగ నట్టలకి కూడా.

నాకు ఇదంతా తెలుసు. నా సొరుగులో దీని గురించి మేమే రాసిన నివేదికలు మూడున్నాయి. వేరేవాళ్ళు అడిగితే, క్యాలెండరు మర్చిపోండి, చలి కోసం ఆగొద్దు అని చెబుతాను. నువ్వు అడిగేసరికి నాన్న గోడే కళ్ళముందు కనపడింది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ పది పొట్లాల్లోనూ దాణా పొట్టు కనపడింది. గుట్ట మీద మేసే గొర్రె పెంటికల్లో అంత పొట్టు ఉండకూడదు. నాకు అనుమానం వచ్చింది. అడిగితే నీ పని నీకు నేర్పుతున్నట్టు ఉంటుందేమోనని, నువ్వు నొచ్చుకుంటావని అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఆ పెంటికలు ఏ గొర్రెలవి, వదినా?

నీ మరదలు

~

కొండ కింద దొడ్డి నుంచి

మరదలు పిల్లకి,

నీ ఉత్తరం పట్టుకుని వాకిట్లో చాలాసేపు కూర్చున్నాను. ఇక నిజం రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

అవి వాకిలి గొర్రెలవి. నాలుగున్నాయి, పాలపిల్లలుగా ఉన్నప్పుడు సీసాతో పెంచినవి. గుమ్మం వదిలి పోవు, దాణా తిని, ఎండలో పడుకుని, నేను గిన్నె తీస్తే చాలు కాళ్ళకి అడ్డం పడతాయి. పది పొట్లాలూ ఆ నాలుగింటివే. కూర్చున్నచోటే వంగి ఏరాను.

నా కుడి మోకాలు పోయింది. మీ అన్నయ్య పోయిన ఏడే మొదలైంది. గుట్టెక్కలేను, గొర్రె వెంట పరిగెత్తలేను. ఫోను కోసం గుట్టెక్కే తీరిక లేదని రాశాను కదా, తీరిక బోలెడంత ఉంది, మోకాలే లేదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే, మేం అనుకున్నదే, ఆడమనిషి ఒక్కతే ఏం చేస్తుంది అంటారు. వ్యాపారి చెవిన పడితే వేసవి దాకా కూడా ఆగడు.

మొదలుపెట్టాక మొత్తం చెప్పేస్తాను. మూడేళ్ళుగా మందు కూడా అన్నిటికీ వెయ్యలేదు. సందులోకి వచ్చినవాటికే వేశాను. మందలో ఒక ముసలి గొర్రె ఉంది, నేను దొరసాని అంటాను. మందు గొట్టం చేతిలో చూసిందంటే తల ఎత్తుకుని, మమ్మల్ని కాదులే అన్నట్టు గుట్ట మీదికి నడిచిపోతుంది. దాని వెనక పది పోతాయి. మీ అన్నయ్య ఉన్నప్పుడు గుట్ట చుట్టూ తిరిగి పదకొండింటినీ పట్టి, నోట్లో మందు పోసి గానీ అన్నానికి కూర్చునేవాడు కాదు. ఆయన పోయాక, మందు వేసినప్పుడల్లా నేను కింద నిలబడి చూస్తూ ఉండిపోయేదాన్ని. ప్రతిసారీ మనసులో ఆయనకి క్షమాపణ చెప్పుకునేదాన్ని, ఈసారి కూడా పదకొండు తప్పించుకున్నాయయ్యా అని.

ఈ జబ్బు ఆ పదకొండు నుంచే మిగతావాటికి అంటిందేమో. అదే నిజమైతే దాచకుండా చెప్పు. తల్లుల్ని చంపింది నేనేనని తెలిస్తే మంద ఇచ్చేస్తాను, పట్టుకుని వేలాడను.

ఈ పెట్టెలోవి సరైన పెంటికలు. దొడ్డిలో నీరసంగా పడుకున్నవాటి పక్కన కూర్చుని తీశాను.

నీ వదిన

~

పరీక్షాశాల నుంచి

వదినా,

వెంటనే చెయ్యాల్సినవి ముందు రాస్తాను. ఈసారి గ్రాముకి ఆరువేలు, తొమ్మిదివేలు ఉన్నాయి. తొట్టిని మర్చిపో, ఇవాళే మందు వెయ్యి.

కానీ అన్నిటికీ వెయ్యకు. పెట్టెలో ఒక అట్టముక్క పంపుతున్నాను, దాని మీద ఐదు రంగులు నేనే దిద్దాను, ఎరుపు నుంచి తెలుపు దాకా. కనురెప్ప విప్పి పక్కన అట్ట పెట్టి చూడు. పై రెండు రంగుల్లో ఉంటే వదిలెయ్యి. కింది మూడింటిలో ఉంటే మందు వేసి నడుం మీద సుద్దతో గీత పెట్టు. పద్నాలుగో రోజున గీత ఉన్నవాటి పెంటికలు పంపు. మందు పనిచేసిందో లేదో అప్పుడు తెలుస్తుంది. ఈ ఏడాది చాలా మందల్లో పనిచెయ్యడం లేదు, ఆ భయం నాకుంది, నీ దగ్గర దాచను.

పట్టుకోవడానికి మనిషి కావాలి. గుట్ట అవతలి పెద్దాయన్ని అడుగు. ఆయన ఏమనుకుంటాడో అని ఆలోచించకు, నా మీద ఒట్టు.

నువ్వు అడిగినదానికి పద్నాలుగో రోజు తర్వాత జవాబు చెబుతాను. తెలియకుండా ఓదార్పు మాటలు రాయను. ఒక్కటి మాత్రం ఇప్పుడే. మోకాలి సంగతి మూడేళ్ళు నా దగ్గర కూడా దాచావు. పొట్టు చూసిన సంగతి నేను దాచాను. ఇద్దరం ఒకరినొకరు నొప్పించకూడదని చూసుకుంటుంటే మధ్యలో గొర్రెలు పోయాయి. ఇక నుంచి నొప్పించుకుందాం.

నీ మరదలు

~

కొండ కింద దొడ్డి నుంచి,
పద్నాలుగో రోజు

మరదలు పిల్లకి,

పెట్టెలో ఇరవై పొట్లాలున్నాయి. సుద్ద గీత ఉన్న మనవి పది. నల్లదారం కట్టిన పది గుట్ట అవతలి పెద్దాయనవి. ఎందుకో చెబుతాను.

అడగడానికి వెళ్ళాను, గుట్ట ఎక్కకుండా చుట్టుదారిన, కర్ర పట్టుకుని, మూడుసార్లు కూర్చుని. మోకాలి సంగతి చెప్పాను, మనిషి సాయం కావాలన్నాను. ఆయన తలుపు దగ్గరే నిలబడి, మా మందలో పదమూడు పోయాయమ్మా, నేనే ఎవరినైనా అడుగుదామని సిగ్గుపడి కూర్చున్నాను అన్నాడు. ఆయనది కొలిచినట్టు ఉండే పని, నీకు తెలుసు. నెలకోసారి, ఒక్కటి కూడా వదలకుండా అన్నిటికీ మందు వేస్తాడు. చలి లేదని ఈ ఏడాది ఇంకా తరచుగా వేశాడట. మన సీసా, ఆయన సీసా ఒకే మందు. ఆయనవి ఇంకా పోతూనే ఉన్నాయి.

మొగుడూ పెళ్ళాం ఇద్దరూ మర్నాడే వచ్చారు. ఆయన పట్టడం, ఆవిడ కనురెప్ప విప్పడం, నేను స్టూలు మీద కూర్చుని అట్ట పట్టుకుని రంగు చెప్పడం. ఆవిడ మధ్యలో అట్ట నా కంటి పక్కనా పెట్టి, నీకూ వెయ్యాల్సిందే మందు అంది. ముప్పై ఒక్క గొర్రెలకి గీత పడింది. అప్పటి నుంచి ఒక్కటే పోయింది, మిగతావి లేచి తిరుగుతున్నాయి. దొరసాని అందలేదు. పెద్దాయన గుట్ట సగం దాకా ఎక్కి ఆయాసంతో దిగి వచ్చాడు, నా మోకాలికి ఆ పూట కాస్త మర్యాద దక్కింది.

నీ జవాబు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను. వ్యాపారికి పై వారం రమ్మని చెప్పాను. నీ ఉత్తరంలో ఏముంటే అది ఆయనకి చెబుతాను.

నీ వదిన

~

పరీక్షాశాల నుంచి, కిటికీ పక్క బల్ల

వదినా,

కూర్చుని చదువు. స్టూలు మీద కాదు, కుర్చీలో.

పెద్దాయన పొట్లాలు ముందు చూశాను. మందు వేసినా సగానికి పైగా గుడ్లు అలాగే ఉన్నాయి. ఆ మందు ఆయన మందలో ఇక పనిచెయ్యదు. తర్వాత మనవి పెట్టాను. జతలుగా లెక్కపెడదామని కూర్చున్నాను, జత దొరకలేదు. నూటికి మూడు కూడా మిగల్లేదు. నమ్మకం కుదరక మేడమ్‌ని పిలిచాను. ఆవిడా చూసి, ఈ మందకి మూడేళ్ళుగా ఎవరు మందు వేస్తున్నారు, ఎలా వేస్తున్నారు అని అడిగింది. నువ్వు రాసినది రాసినట్టే చెప్పాను, మోకాలు, దొరసాని, వెనక నడిచే పది. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని నవ్వింది.

మందలో అన్నిటికీ మందు వేసినప్పుడు మందుకి చావనివి నాలుగు మిగులుతాయి, వదినా. ఇక గుట్ట నిండా వాటి సంతానమే. ఏడాదికోసారి వేసిన రోజుల్లో అది నెమ్మదిగా జరిగేది. ఇప్పుడు చలి లేదు, ఏడాది పొడుగునా నట్టలే, ఏడాది పొడుగునా మందే. రెండు మూడేళ్ళలో మందు నీళ్ళయిపోతోంది. పెద్దాయన ఏ తప్పూ చెయ్యలేదు. అందరం చెప్పినట్టే చేశాడు, అందరికంటే శ్రద్ధగా చేశాడు.

నీ గుట్ట మీద మాత్రం పదకొండు గొర్రెలు మూడేళ్ళు మందు మింగలేదు. వాటి కడుపులో నట్టలు మందు రుచి ఎరగనివి, మందు తగిలితే చచ్చేవి. వాటి పిల్లలు నీ గడ్డంతా పరుచుకుని, మొండివాటిని పెరగనివ్వలేదు. అందుకే ఇవాళ నీ సీసాలో మందు ఇంకా మందుగా ఉంది.

నీ ప్రశ్నకి జవాబు ఇదిగో. ఆ పదకొండు నుంచి జబ్బు అంటుకుందా అంటే, నట్టలు ప్రతి గొర్రెలోనూ ఉన్నాయి, వెచ్చటి చలికాలం వాటిని పెంచింది, నేను ఆగమన్నాను, నువ్వు వాకిలి పెంటికలు పంపావు. పోయిన ఎనిమిదింటి బరువు మనిద్దరిదీ. మిగిలిన యాభై నాలుగూ బతికింది మాత్రం నువ్వు పరిగెత్తలేకపోవడం వల్ల. ఇది ఓదార్పు కాదు, గాజుపలక మీద చూసి రాస్తున్నాను.

మా పరీక్షాశాల తరఫున మేడమ్ నీకు, దొరసానికి కృతజ్ఞతలు చెప్పమంది. నా తరఫున నేను చెబుతున్నాను. నా చిన్నప్పుడు లెక్క నేర్పావు, ఇప్పుడు వదిలెయ్యడం నేర్పావు.

మోకాలికి డాక్టరు దగ్గరికి వెళ్ళకపోతే నేనే సెలవు పెట్టి వస్తాను.

నీ మరదలు

~

కొండ కింద దొడ్డి నుంచి

మరదలు పిల్లకి,

వ్యాపారి వచ్చాడు. లోపలికి పిలిచి, కుర్చీ వేసి, నీ ఉత్తరం మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాను. ఆయనకి సగం అర్థమైంది. అమ్మనన్న సంగతి పూర్తిగా అర్థమైంది.

పెద్దాయనకి ఆయన ఫలితం చెప్పడానికి భయపడ్డాను. విన్నాడు, చేతులు చూసుకుని, మీ దొరసానిని మా గుట్ట మీదికి ఓ నెల పంపిస్తారా అన్నాడు. వేళాకోళమనుకున్నాను. కాదు, మందుకి చచ్చే నట్టలు వాళ్ళ గడ్డి మీదా పడతాయని నిజంగానే అడుగుతున్నాడు. అలా కుదురుతుందో లేదో మీ మేడమ్‌ని కనుక్కుని రాయి. కుదిరితే పంపుతాను, ఎలా తోలుకెళతాడో ఆయన చూసుకుంటాడు. వాళ్ళు చేసిన సాయానికి నా దగ్గర ఇవ్వదగ్గది అదొక్కటే ఉంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. పెద్దాయన భార్య బలవంతం మీద, ఆవిడ పక్కన కూర్చుని. మోకాలికి పట్టీ వేశారు, రక్తం తక్కువుందని మాత్రలు ఇచ్చారు. నీ అట్టముక్క అబద్ధం చెప్పలేదు.

నిన్న పొద్దున తొట్టి గడ్డకట్టింది. రెండు నెలలు ఆలస్యంగా, ఉల్లిపొర అంత మందాన. వేలు పెట్టగానే విరిగిపోయింది. అలవాటు కొద్దీ మందు సీసా తీశాను, మళ్ళీ లోపల పెట్టేసి అట్టముక్క తీశాను. మావయ్యగారి రాత చెరపలేదు. దాని కింద బొగ్గుతోనే, "కళ్ళు చూసి" అని చేర్చాను. ఆయన ఉంటే ఆయనే మార్చి రాసేవారు, రోజూ తొట్టిలో వేలు పెట్టి చూసిన మనిషి.

ఈ పెట్టెలో పది పొట్లాలు, పది గొర్రెలవి. మూడోది దొరసానిది. పట్టుకోలేదు. కుర్చీ గుట్ట మొదట్లో వేయించుకుని, అది వేసేదాకా గంటన్నర కూర్చున్నాను. అదీ నన్ను చూస్తూ నిలబడింది, నేనూ దాన్ని చూస్తూ కూర్చున్నాను. కళ్ళు దూరం నుంచే ఎర్రగా కనపడ్డాయి.

అక్కడ కూర్చున్నప్పుడే మీ అన్నయ్య గుర్తొచ్చాడు. ఆయన ఉండుంటే పదకొండింటినీ పట్టేవాడు, ఒక్కదాన్నీ వదిలేవాడు కాదు. మూడేళ్ళుగా ప్రతిసారీ ఆయనకి క్షమాపణ చెప్పుకున్నాను కదా. నిన్న చెప్పలేదు. పదకొండూ గుట్ట మీదే ఉన్నాయి, చూడు అని చెప్పాను.

నీ వదిన